గెల తెగాక బోదె సంగతి

వచ్చిన రైతులకు, డ్వాక్రా అక్కచెల్లెళ్లకు నమస్కారం.

వస్తూ వస్తూ కాలవ గట్టు దగ్గర ఆగాను. నరికి పడేసిన అరటి బోదెలు గట్టు పొడవునా ఉన్నాయి. ఒకదాని పొర ఒలిచి గీకితే తెల్లటి నార వచ్చింది. ఇదిగో, ఇదే. ముందు వరుస వాళ్లు చూసి వెనక్కి అందించండి. లాగి చూడండి, అంత తేలిగ్గా తెగదు. ఈ నారతో, మనం తగలబెట్టే వరిగడ్డితో కాగితం చేయొచ్చని చెప్పడానికే వచ్చాను.

అరటి చెట్టు ఒక్కసారే గెల వేస్తుంది. గెల రావులపాలెం మార్కెట్‌కి పోతుంది, బోదె మనకి మిగులుతుంది. నరికించి, మోయించి, గట్టున పడేయడానికి ఎదురు కూలి మనమే ఇస్తున్నాం.

కాగితం అంటే పెద్ద రహస్యమేం కాదమ్మా. పీచు నీళ్లలో విడిపోయి, జల్లెడ మీద పేరుకుని, అల్లుకుని ఆరితే కాగితం. క్రీ.శ. 105లో చైనాలో సాయ్ లున్ అనే రాజోద్యోగి చక్రవర్తికి చూపించిన కాగితం చెట్టు బెరడు, పాత గుడ్డలు, చేపల వలలతో చేసిందని చెబుతారు. కలప గుజ్జుతో పెద్ద ఎత్తున కాగితం చేయడం 19వ శతాబ్దంలో వచ్చిన పద్ధతి.

మరి వరిగడ్డి ఎందుకు తగలబెడుతున్నాం? పీచు లేక కాదు, ఒక చోటికి చేరక. తమిళనాడులో కరూర్ దగ్గర కాగితపురంలో 1980ల నుంచి చెరకు పిప్పితో కాగితం చేస్తున్నారు. పిప్పి కోసం ఎవరూ పొలాల వెంట తిరగనక్కర్లేదు, చెరకు ఆడిన ఫ్యాక్టరీలోనే గుట్టలు పడుతుంది. కంబైన్ హార్వెస్టర్ కోసిన చేలో గడ్డి అలా కాదు. చేనంతా చెదిరిపోతుంది, ఇంకో పక్క తర్వాతి పంటకి టైం అయిపోతుంటుంది. పైగా వరిగడ్డిలో సిలికా, అంటే ఇసకలో ఉండే పదార్థం, ఎక్కువ. ఫ్యాక్టరీలో గడ్డిని సోడా వేసి ఉడికించాక మిగిలే నల్లనీళ్లలోంచి ఆ సోడాని తిరిగి రాబట్టే యంత్రాల్లో సిలికా పెచ్చు కడుతుంది.

బోదెకీ ఒక చోటికి చేర్చడమే చిక్కు. అందులో నూటికి తొంభై పాళ్లు నీళ్లే. బోదెల్ని లారీకెత్తామంటే నీళ్లకి కిరాయి కట్టినట్టే. అందుకే నేను అడిగేది ఒక్కటే: నార తీసే మిషన్ చేను గట్టుకే రావాలి. ఆరిన నార మోపు సైకిల్ మీద కూడా పోతుంది.

ఆ నారని చిన్న ముక్కలు చేసి, సోడా వేసి ఉడికించి, బాగా కడిగి, బీటర్‌లో, అంటే గుజ్జు దంచే మిషన్‌లో, దంచాలి. చిటికెడు గుజ్జుని గ్లాసు నీళ్లలో కలిపితే మబ్బులా విడిపోవాలి. ఉండలు తేలితే ఇంకా దంచాలి. వరిగడ్డి పీచు పొట్టిది, దాన్ని ఒక్కదాన్నే వాడితే కాగితం పెళుసు. పొడుగాటి అరటి నార కలిస్తే పట్టు వస్తుంది.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. నేను పని నేర్చుకున్న చోట ఉడికించిన నీళ్లు నేరుగా డ్రెయిన్‌లోకి వదిలేసేవారు. కింద చేపల చెరువుల వాళ్లు గొడవకొచ్చారు. న్యాయం వాళ్లదే. ఆ నీళ్లకి దారి చూడకుండా పొయ్యి వెలిగించొద్దు. కాగితం యూనిట్ పెట్టే లెక్కలో మిషన్ కన్నా ముందు ఆ ఖర్చే రాసుకోండి.

టబ్బులో గుజ్జు కలిపి ఉంచాను, జల్లెడ తెచ్చాను. చెయ్యి అదిరితే కాగితం ఒక పక్క దళసరి అవుతుంది, మరేం ఫర్వాలేదు, మళ్లీ టబ్బులో కలిపేయొచ్చు. రండమ్మా, మొదటి షీటు మీరు ఎత్తండి.