క్లూసో కొడుకుని ప్రేక్షకులు ఎందుకు ఒప్పుకోలేదు

మిత్రులందరికీ నమస్కారం.

నిన్న మనం ఇదే హాల్లో 'సన్ ఆఫ్ ద పింక్ పాంథర్' చూశాం, పాత పింక్ పాంథర్ కామెడీల్లోని ఇన్‌స్పెక్టర్ క్లూసోకి ఒక కొడుకుని తెచ్చిన సినిమా. సినిమా అయ్యాక మీలో ఎక్కువమంది ఒకే మాట అన్నారు: "పాత సినిమాల్లో క్లూసోగా వేసిన పీటర్ సెల్లర్స్ లేకపోతే ఇంకేముంది?" కొందరు "అక్కడక్కడా నవ్వొచ్చింది, అంతే" అన్నారు. ఒకరిద్దరు మాత్రం ఆ కొత్త నటుడి తరఫున గట్టిగా వాదించారు. 1993లో ఈ సినిమా వచ్చినప్పటి నుంచీ దాని గురించి జనం అనుకుంటున్నది కూడా దాదాపు ఇదే. సినిమా బాగా లేదన్న తీర్పుతో నాకు పేచీ లేదు. దానికి చెప్పే కారణం దగ్గరే నాకు తృప్తి లేదు. సెల్లర్స్ లేడు కాబట్టి ఆడలేదు అనేస్తే మాట అక్కడితో తెగిపోతుంది. ఆ సినిమాలో ఏది పోయిందో తెలుసుకోవాలంటే ఇంకొంచెం లోపలికి వెళ్లాలి.

మనలో చాలామందికి పింక్ పాంథర్ అంటే గులాబీ రంగు కార్టూన్ చిరుతపులి, హెన్రీ మాన్సీని సంగీతం. అసలు సినిమాలు చూసినవాళ్లు తక్కువ. 1963లో బ్లేక్ ఎడ్వర్డ్స్ తీసిన మొదటి సినిమాలో పింక్ పాంథర్ ఒక వజ్రం. అందులో హీరో అనుకున్నది డేవిడ్ నివెన్ వేసిన పెద్దమనిషి దొంగ. ఫ్రెంచి పోలీసు ఇన్‌స్పెక్టర్ క్లూసో పాత్ర మొదట పీటర్ ఉస్తినోవ్‌ది. షూటింగ్ మొదలయ్యే ముందు ఆయన తప్పుకుంటే సెల్లర్స్ వచ్చాడు. వచ్చి సినిమాని తన వైపు తిప్పేసుకున్నాడు. మరుసటి ఏడాది 'ఎ షాట్ ఇన్ ద డార్క్' వచ్చేసరికి క్లూసోనే హీరో. క్లూసో పేరు వింటేనే కన్ను అదిరే పై అధికారి డ్రేఫస్, యజమాని మీద ఎప్పుడు పడితే అప్పుడు దాడి చేసే పనివాడు కేటో, ఇద్దరూ ఆ సినిమాలోనే పుట్టారు. హెర్బర్ట్ లోమ్, బర్ట్ క్వాక్ ఆ పాత్రలను చివరిదాకా మోశారు.

మొదటి సినిమాలో క్లూసో పరిచయమయ్యే షాట్ గుర్తు చేసుకోండి. ఆఫీసులో నిలబడి, దొంగకి సాయపడే ఆడమనిషిని పట్టుకుని తీరాలని గంభీరంగా చెబుతూ, పక్కనున్న గ్లోబుని గిర్రున తిప్పుతాడు. అది తిరుగుతుండగానే దాని మీద చెయ్యి ఆనిస్తాడు. దబ్బున కింద పడతాడు. పడటం ఎవరైనా పడతారు. లేచాక ఆయన ముఖం చూడండి. సిగ్గు లేదు, కంగారు లేదు, మనం నవ్వుతామేమోనన్న అనుమానం కూడా లేదు. పోలీసు పని ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి మొదలుపెడతాడు. క్లూసో హాస్యమంతా ఆ పరువులో ఉంది. లోకంలో తనంత డిటెక్టివ్ లేడని ఆయన నమ్మకం, ఆ నమ్మకానికి ఎన్నడూ బీట పడదు. పడేది డ్రేఫస్ మతి.

ఎడ్వర్డ్స్ కూడా ఆ పరువుని కాపాడుతూ తీశాడు. కెమెరాని దూరంగా పెడతాడు, షాట్‌ని తొందరపడి కట్ చెయ్యడు. ఏం జరగబోతోందో మనకి ముందే కనిపిస్తుంది, క్లూసోకి కనిపించదు. 1976 నాటి సినిమాలో కుక్క జోకు ఉంది కదా, సినిమా చూడనివాళ్లకి కూడా తెలిసినది. హోటల్ కౌంటర్‌లో ముసలాయన్ని క్లూసో "మీ కుక్క కరుస్తుందా?" అని అడుగుతాడు. కరవదంటాడు. నిమరబోతే కుక్క కరుస్తుంది. "అది నా కుక్క కాదు" అంటాడు ముసలాయన. ఇద్దరిలో ఒక్కరు నవ్వు మొహం పెట్టినా ఆ జోకు చచ్చిపోయేది.

సెల్లర్స్ బతికి ఉండగానే ఇంకొకరితో ప్రయత్నం జరిగింది. 1968లో అలాన్ ఆర్కిన్ క్లూసోగా వేశాడు, దర్శకుడు కూడా వేరే. ఆర్కిన్ మంచి నటుడే, అయినా జనం దాన్ని ఈ వరసలో లెక్కలోకే తీసుకోలేదు. 1975, 76, 78లలో సెల్లర్స్, ఎడ్వర్డ్స్ కలిసి మూడు సినిమాలు తీసి సిరీస్‌ని మళ్లీ నిలబెట్టారు. 1980 జూలైలో, 54 ఏళ్ల వయసులో, సెల్లర్స్ చనిపోయాడు.

తర్వాత జరిగినదాని గురించి నాకు ఇప్పటికీ కోపం ఉంది. 1982లో 'ట్రైల్ ఆఫ్ ద పింక్ పాంథర్' వచ్చింది. చనిపోయిన సెల్లర్స్ అందులో హీరో. ఎలాగంటే, ఎక్కువగా 1976 సినిమాలో కత్తిరించి పక్కన పెట్టిన సీన్లను తీసి అతికించారు. అవి అయిపోగానే క్లూసో ఎక్కిన విమానం మాయమవుతుంది. ఒక టీవీ రిపోర్టర్ పాత పాత్రల దగ్గరికి వెళ్లి ఆయన గురించి అడుగుతుంటే పాత సినిమాల ముక్కలు చూపిస్తారు. డేవిడ్ నివెన్ అప్పటికే జబ్బుతో మాట సరిగా రాని స్థితిలో ఉన్నాడు. ఆయన గొంతుని వేరే వ్యక్తితో డబ్బింగ్ చెప్పించారు. సెల్లర్స్ భార్య లిన్ ఫ్రెడరిక్ కోర్టుకి వెళ్లింది. ఈ సినిమా ఆయన పేరుని పాడు చేసిందని వాదించి గెలిచింది, 10 లక్షల డాలర్లకు పైగా నష్టపరిహారం వచ్చింది. నటుడు తానే వద్దనుకున్న టేకులూ అందులో ఉండి ఉండొచ్చు. వాటికి అవునో కాదో చెప్పే మనిషి లేడు. చాలామంది ప్రేక్షకులకి ఇది కామెడీగా కాక మోసంగా అనిపించింది, అందులో ఆశ్చర్యం లేదు. దానితోపాటే తీసి 1983లో వదిలిన 'కర్స్ ఆఫ్ ద పింక్ పాంథర్' సంగతి ఎక్కువ చెప్పను. అందులో క్లూసోని వెతకడానికి ఒక అమెరికన్ పోలీసుని తెచ్చారు, జనం పట్టించుకోలేదు.

ఈ వరసలో చూస్తే 1993 సినిమా మీద ఉన్న చిరాకులో సగం దాని సొంతం కాదనిపిస్తుంది. 1982 నాటి కోపం కూడా దాని నెత్తినే పడింది. ఆ రెంటినీ ఒకే గాటన కట్టకండని నా మనవి. ట్రైల్ చేసింది తప్పు. సన్ చేసింది బలహీనమైన ప్రయత్నం, కానీ నిజాయితీ ఉన్న ప్రయత్నం. క్లూసో లేడని ఒప్పుకుని, ఆయన కొడుకుని తెచ్చింది. జాక్ గాంబ్రెలీ దక్షిణ ఫ్రాన్స్‌లో చిన్న పోలీసు. తల్లి మరియా గాంబ్రెలీ, అంటే 1964 సినిమాలో హత్య కేసులో ఇరుక్కున్న పనిమనిషి. ఆ పాత్రని అప్పుడు ఎల్కే సొమ్మర్ వేస్తే ఇప్పుడు క్లాడియా కార్డినాలే వేసింది. మొదటి సినిమాలో రాకుమారిగా వేసింది కూడా ఈ కార్డినాలేనే. ఇదేం లెక్క అని చిరాకుపడినవాళ్లున్నారు. ఆ అభ్యంతరం నాకు పట్టదు. 1976 సినిమా చివర్లో డ్రేఫస్ తన సొంత యంత్రం కిరణాలకే మాయమైపోతాడు, 1978లో మళ్లీ దిట్టంగా తిరుగుతుంటాడు. అప్పుడు ఎవరూ లెక్క అడగలేదు. నవ్వు వస్తున్నంతసేపు ఎవరూ అడగరు.

ఇక ఆ కొడుకుగా వేసిన ఇటలీ నటుడు రాబర్టో బెనిని. ఆ ఏడాది చెత్త సినిమాలకిచ్చే రాజ్జీ అవార్డుల్లో ఆయన పేరు చెత్త కొత్త నటుల జాబితాలో చేరింది. అదే మనిషి 1999లో 'లైఫ్ ఈజ్ బ్యూటిఫుల్'కి ఉత్తమ నటుడిగా ఆస్కార్ అందుకున్నాడు. కాబట్టి ప్రతిభ లేదనే మాట నిలబడదు. బెనిని హాస్యం వేరు జాతిది. ఆయన ఒళ్లంతా మాట్లాడుతుంది. పొరపాటు జరిగితే కంగారుపడతాడు, అమ్మాయిని చూస్తే కరిగిపోతాడు, తనని ఇష్టపడమని చూసేవాళ్లని బతిమాలుతున్నట్టు ఉంటాడు. క్లూసో మనల్ని ఎన్నడూ బతిమాలలేదు. కాబట్టి తలుపుకి గుద్దుకున్నా, మెట్ల మీద జారినా, పాత గ్యాగులే చేసినా, కిందున్న పునాది మారిపోయింది. పడిపోయిన పెద్దమనిషిని చూసి నవ్వడం ఒకటి, పడిపోయిన పిల్లవాడిని చూసి నవ్వడం ఇంకొకటి. రెండోసారి మనకి జాలి అడ్డం వస్తుంది.

అదే సినిమాలో లోమ్ ఉన్న సీన్లు చూడండి. డెబ్భై అయిదేళ్ల మనిషి, ఆ కన్ను అదరడం ఇంకా అలాగే ఉంది. శత్రువు కొడుకు తన జీవితంలోకి వచ్చాడని డ్రేఫస్‌కి తెలుస్తుంది. ఆ కొడుకు తల్లితోనే ప్రేమలో పడి చివరికి పెళ్లి చేసుకుంటాడు. నిన్న మీరు మనస్ఫూర్తిగా నవ్వింది ఎక్కువగా ఆ సీన్లకే. ఎందుకంటే లోమ్ పరువు వదల్లేదు. సెల్లర్స్ లేకపోయినా ఆ పద్ధతి పనిచేస్తుందనడానికి నాకు అదే సాక్ష్యం.

అమెరికాలో ఆ సినిమాకి 25 లక్షల డాలర్లు కూడా రాలేదు. ఇటలీలో మాత్రం బాగా ఆడింది. అక్కడివాళ్లు క్లూసో కొడుకుని చూడ్డానికి వెళ్లలేదు, తమ బెనినిని చూడ్డానికి వెళ్లారు. రెండేళ్ల ముందే 'జానీ స్టెక్కీనో'తో ఆయన అక్కడ పెద్ద హిట్ ఇచ్చి ఉన్నాడు. పాత జ్ఞాపకంతో పోల్చే పని వాళ్లు పెట్టుకోలేదు. 2006లో స్టీవ్ మార్టిన్ క్లూసోగా వచ్చినప్పుడూ కొంత ఇదే జరిగింది. సెల్లర్స్‌ని చూడని కొత్త పిల్లలు థియేటర్లు నింపారు, సినిమా ప్రపంచవ్యాప్తంగా 15 కోట్ల డాలర్లు దాటింది. పాతవాళ్లు ముఖం చిట్లించారు. 2009 నాటి రెండో భాగం అందులో సగం దగ్గరే ఆగింది.

ఇంకో కొడుకు గురించి చెప్పాలి. 2025 ఆగస్టులో 'ద నేకెడ్ గన్' అనే డిటెక్టివ్ కామెడీ మళ్లీ వచ్చింది. లెస్లీ నీల్సెన్‌తో 1988, 1991, 1994లలో మూడు భాగాలు వచ్చి 31 ఏళ్లు గడిచాక, నీల్సెన్ 2010లో చనిపోయాక, ఆ డిటెక్టివ్ కొడుకుగా లియామ్ నీసన్. ఈసారి ప్రేక్షకులు చాలావరకు ఒప్పుకున్నారు. తండ్రి ఫొటో ముందు నిలబడి, అచ్చం మీలాగే ఉండాలని ఉంది, కానీ పూర్తిగా కొత్తగా కూడా ఉండాలని ఉంది అని మొరపెట్టుకునే సీను ఉంది. చూసేవాళ్ల మనసులోని అనుమానాన్ని సినిమాయే ముందు పైకి అనేసింది. అంతకంటే పెద్ద సంగతి నటుడి ఎంపిక. నీల్సెన్ 1980లో 'ఎయిర్‌ప్లేన్!' అనే కామెడీ వచ్చేదాకా ఎక్కువగా సీరియస్ పాత్రల నటుడు. నీసన్ కూడా అంతే, 'షిండ్లర్స్ లిస్ట్', 'టేకెన్'ల మనిషి. ఎంత తిక్క మాటైనా హత్య కేసు విచారిస్తున్న గొంతుతోనే అంటాడు. నటుడి పోలిక కోసం వెతక్కుండా పద్ధతి పోలిక పట్టుకున్నారు. గంటన్నర లోపే ముగించారు కూడా. సాగదీయకపోవడం చిన్న సుగుణమేం కాదు.

వచ్చే ఆదివారం మనం 'ఎ షాట్ ఇన్ ద డార్క్' వేస్తున్నాం. అందులో ఇంటి యజమానిగా వేసిన జార్జ్ సాండర్స్‌తో క్లూసో బిలియర్డ్స్ ఆడే సీను ఒకటి వస్తుంది. అప్పుడు సెల్లర్స్‌ని కాదు, సాండర్స్‌ని గమనించండి. ఇంట్లో బిలియర్డ్స్ బల్ల పాడైపోతున్నా ఆయన గొంతు ఒక్కసారి కూడా పెరగదు. నిన్నటి సినిమాలో బెనిని ఎదురుగా అలాంటివాళ్లు ఎంతమంది ఉన్నారో అప్పుడు పోల్చి చెప్పండి. నా అభిప్రాయంతో విభేదించేవాళ్లకి ఆ రోజు ముందు మైకు ఇద్దాం.