రాగిరేకు మీద ఒక్క వాక్యం

సభాధ్యక్షులకు, కట్టమంచి రామలింగారెడ్డిగారి సంస్మరణకు వచ్చిన చిత్తూరు సాహిత్యాభిమానులకు నమస్కారం.

మన ఊళ్ళో సంస్మరణ సభ ఎలా సాగుతుందో మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. చిత్రపటానికి దండ వేస్తాం, దీపం వెలిగిస్తాం, రెండు నిమిషాలు లేచి నిలబడతాం. ఆ తరువాత ఒక్కొక్క వక్తా లేచి, పోయినాయన తన ఇంటికి ఎన్నిసార్లు వచ్చారో, తన పుస్తకాన్ని ఎంతగా మెచ్చుకున్నారో చెప్పి కూర్చుంటారు. నేనూ ఆ పని చేసినవాణ్ణే. సభ ముగిసేసరికి వక్తల గురించి చాలా తెలుస్తుంది గాని, పోయిన మనిషి రాసిన వాక్యం ఒక్కటైనా చెవిన పడదు.

తిరుమల సంకీర్తన భాండాగారంలో దొరికిన తాళ్ళపాకవారి రాగిరేకుల పద్ధతి వేరు. శక వర్షం 1346లో, అన్నమాచార్యులకు పదహారేళ్ళప్పుడు, తిరువేంగళనాథుడు ప్రత్యక్షమయ్యాడనీ, అది మొదలు శక వర్షం 1424, దుందుభి సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశి దాకా ఆ స్వామికి అంకితంగా ఈ సంకీర్తనలు విన్నవించారనీ అధ్యాత్మ సంకీర్తనల మొదటి రేకు ఒకే వాక్యంలో చెబుతుంది. నిండు జీవితానికి అంతే చోటు. మిగిలిన రాగి అంతా పాటలకే. ఆ తిథినే మనం నేటికీ వర్ధంతి జరుపుతున్నాం.

ఆ రేకులలోని సాహిత్యం మన చేతికి రావడానికి పాటుపడినవారిలో వేటూరి ప్రభాకరశాస్త్రిగారిది కృష్ణా జిల్లా పెదకళ్ళేపల్లి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారిది అనంతపురం సీమ. అయినా తిరుపతి వారిని పరాయివారనుకోలేదు. ఉప్పలదడియం నాగయ్యగారు పుట్టింది రేపల్లెలో. ఇక్కడి నాటకరంగం మీద పేరు తెచ్చుకొని, 1973లో కన్నుమూసేదాకా చిత్తూరు నాగయ్యగానే బతికారు. ఇంటిపేరు స్థానంలో మన ఊరి పేరు పెట్టుకున్న మనిషికి మనం ఏం చేశామన్నది వేరే సభకు సరిపడే మాట.

ఈనాటి సభ కట్టమంచి రామలింగారెడ్డిగారిది. 1880లో మన కట్టమంచిలోనే పుట్టి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు, అంటే ఆంధ్ర విశ్వవిద్యాలయానికి, మొదటి ఉపాధ్యక్షులై (వైస్ ఛాన్సలర్), 1951లో వెళ్ళిపోయారు. విశాఖలో విశ్వవిద్యాలయ స్నాతకోత్సవ మందిరానికి, ఏలూరులో కళాశాలకు ఆయన పేరుంది. పేర్ల విషయంలో వాళ్ళతో మనం పోటీపడనక్కరలేదు. ‘కవిత్వతత్త్వ విచారము’ అనే విమర్శగ్రంథంలో ప్రబంధాలను ఆయన నిలదీసిన తీరు అప్పటి పండితులకు మింగుడుపడలేదు; ఇప్పటికీ చదివితే ఏదో ఒక పేజీ దగ్గర ఆయనతో తగవు పెట్టుకోవాలనిపిస్తుంది. తగవు పెట్టుకోవాలంటే ముందు చదవాలి కదా! దండ వేయడానికి ఆ అవసరం లేదు, అందుకే దండలు ఎక్కువ.

అంతకుముందే, విద్యార్థి దశలో, ఆయన ‘ముసలమ్మ మరణము’ రాశారు. బుక్కరాయసముద్రం చెరువుకు గండిపడబోతే ఊరికోసం ప్రాణమిచ్చిన ఒక కోడలి కథ అది. రాజులనూ దేవతలనూ పక్కనబెట్టి, జనం నోట నిలిచిన ఒక పల్లె ఇల్లాలిని కావ్యానికి నాయికను చేయడం ఆ రోజుల్లో చిన్న సాహసం కాదు. పోయినవారిని తలచుకోవడమంటే ఆయనకు ఏమిటో తొలినాళ్ళలోనే రాసిపెట్టారన్నమాట.

కాబట్టి నిర్వాహకులను నేను కోరింది ఒక్కటే: నా ప్రసంగానికి ఇచ్చిన సమయంలో సగం ఆ కావ్యానికి ఇవ్వమని. వారు దయతో ఒప్పుకున్నారు. డిగ్రీ చదువుతున్న ఇద్దరు పిల్లలు పది రోజులుగా ఆ పద్యాలను సాధన చేస్తున్నారు. ఇక నేను కూర్చుంటాను. అమ్మా, మీరు వచ్చి మొదలుపెట్టండి.