ఆరో తరగతి నుంచే మొదలయ్యే లెక్క

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో పదో తరగతి, పీయూసీ (ఇక్కడి ఇంటర్) పిల్లలు, వెనక అమ్మానాన్నలు కూర్చున్నారు. ఏ కాలేజీ మంచిది, ఏ బ్రాంచికి గిరాకీ ఉంది అని అడగడానికి మీరంతా సిద్ధంగా ఉన్నారు. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. మీ పిల్లలు ఏ తరగతి నుంచి కర్ణాటకలో చదువుతున్నారు? బెంగళూరు తెలుగు ఇళ్ళల్లో కొన్ని సీట్లు పరీక్ష రాయకముందే ఈ లెక్క దగ్గర చేజారిపోతున్నాయి.

కర్ణాటక ప్రవేశ పరీక్ష సీఈటీ ద్వారా ఇంజినీరింగ్ ప్రభుత్వ కోటా సీటు కావాలంటే, దాన్ని నడిపే రాష్ట్ర పరీక్షల సంస్థ కేఈఏ పెట్టిన అర్హత క్లాజుల్లో ఏదో ఒకదాంట్లో పడాలి. ఎక్కువమందికి వర్తించేది ఎ క్లాజు. ఒకటి నుంచి పన్నెండో తరగతి లోపు కనీసం 7 పూర్తి విద్యా సంవత్సరాలు కర్ణాటకలో చదివి ఉండాలి, పదో తరగతో సెకండ్ పీయూసీయో ఇక్కడే పాసై ఉండాలి. వేళ్ళ మీద లెక్కపెట్టండి: ఆరు నుంచి పన్నెండు వరకు సరిగ్గా ఏడేళ్ళు. ఎనిమిదో తరగతిలో వైట్‌ఫీల్డ్‌కి వచ్చి చేరిన పిల్లవాడికి ఐదేళ్ళే అవుతాయి. బి క్లాజు ఉంది కదా అంటారు. అందులో పిల్లలు రెండేళ్ళ పీయూసీ ఇక్కడే చదవాలి, తల్లిదండ్రుల్లో ఒకరు ఏడేళ్ళు కర్ణాటకలో చదివి ఉండాలి. గుంటూరులోనో వరంగల్‌లోనో చదువుకుని ఉద్యోగానికి ఇక్కడికి వచ్చినవాళ్ళకు అది పనికిరాదు. సైన్యంలో, కేంద్ర ప్రభుత్వంలో ఉన్నవాళ్ళ పిల్లలకు వేరే క్లాజులున్నాయి. వైద్య సీట్ల షరతులు వేరు, వాటిని విడిగా చదవండి.

పోనీ, మన ఊరి ఈఏపీసెట్ ఉందిలే అనుకుంటారు. అక్కడ 85 శాతం సీట్లు స్థానికులవి. స్థానికత చూసేది ఇంటర్ దాకా చివరి నాలుగేళ్ళు వరుసగా ఎక్కడ చదివారని. ఆ నాలుగేళ్ళూ బెంగళూరులో గడిస్తే అక్కడా స్థానికులు కారు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే. అలాంటి పిల్లలకు మిగిలే దారులు జేఈఈ, కర్ణాటక ప్రైవేటు కాలేజీల పరీక్ష కామెడ్‌కే, ప్రైవేటు విశ్వవిద్యాలయాల సొంత పరీక్షలు. అవేమీ చిన్న దారులు కావు. కానీ ఆ సంగతి పదకొండో తరగతి మొదట్లోనే తెలిస్తే చదువు ఆ దిక్కుగా నడుస్తుంది. పన్నెండయ్యాక తెలిస్తే ఏడుపే.

ఇంకో మాట. పదో తరగతి వరకు ఇక్కడే చదివించి, ఇంటర్‌కి విజయవాడ హాస్టల్‌కి పంపేవాళ్ళున్నారు. పదేళ్ళ చదువు, ఇక్కడి పదో తరగతి పాస్ ఉన్నాయి కాబట్టి సీఈటీ ఎ క్లాజు నిలుస్తుంది. పోయేది కర్ణాటకలోని సురత్కల్ ఎన్‌ఐటీ సొంత రాష్ట్ర కోటా. ఎన్‌ఐటీల్లో సగం సీట్లకు పన్నెండో తరగతి ఏ రాష్ట్రంలో పాసయ్యారన్నదే కొలమానం. విజయవాడలో పాసైతే మీ ఎన్‌ఐటీ తాడేపల్లిగూడెం, హైదరాబాద్‌లో పాసైతే వరంగల్. ఏది మేలో ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. తెలియకుండా మాత్రం పంపకండి.

కాగితాల దగ్గరికి వద్దాం. స్టడీ సర్టిఫికెట్ చదివిన ప్రతి బడి నుంచీ తేవాలి, దానిమీద బ్లాక్ విద్యాధికారి (బీఈఓ) ఎదురు సంతకం ఉండాలి. మూడు బళ్ళు మారినవాళ్ళు మూడు బీఈఓ కార్యాలయాలు తిరగాల్సి రావచ్చు. మూతబడిన బడి రికార్డు వెతకడానికే వారాలు పడుతుంది. పదో తరగతి సెలవుల్లోనే ఈ పని ముగించండి. పేరు కూడా చూడండి. మన అలవాటు ఇంటిపేరు ముందు, ఇక్కడి రికార్డుల్లో ఇనీషియల్ చాలాసార్లు చివర. మార్కుల కార్డులో ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉంటే వెరిఫికేషన్ దగ్గర ఆగిపోతుంది.

కులధ్రువీకరణ విషయంలో చాలామంది దెబ్బతింటున్నారు. ఆంధ్రా తహసీల్దారు ఇచ్చిన పత్రంతో కర్ణాటక రాష్ట్ర రిజర్వేషన్ రాదు. ఇక్కడి తహసీల్దారు ఇచ్చిన, ఆర్‌డీ నంబరు (పత్రం గుర్తింపు సంఖ్య) ఉన్న పత్రమే కావాలి. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇదే: ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీగా గుర్తింపు ఉన్నా, వలస వెళ్ళిన మహారాష్ట్రలో ఆ రిజర్వేషన్ వర్తించదని. కేంద్ర సంస్థల సంగతి వేరు. ఐఐటీ, ఎన్‌ఐటీలకు సొంత రాష్ట్రంలో కేంద్ర నమూనాలో తీసుకున్న పత్రం చెల్లుతుంది.

ఇప్పుడు మార్కులు. ఇంజినీరింగ్ ర్యాంకులో సగం పీయూసీ పీసీఎం (ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్) శాతానిది, సగం సీఈటీది. ఒక అమ్మాయికి పీయూసీలో 92 శాతం, సీఈటీలో 180కి 81 వచ్చాయనుకోండి. అంటే 45 శాతం, కలిపితే 68.5. మరో అబ్బాయికి పీయూసీ 84 శాతమే, సీఈటీలో 99, అంటే 55 శాతం. అతనికి 69.5. ఒక్కో సీఈటీ ప్రశ్న పీయూసీలో అర శాతానికి పైనే తూగుతుంది. అలాగని బోర్డును వదిలేయకండి. జేఈఈతో ఎన్‌ఐటీలో చేరాలన్నా పన్నెండులో 75 శాతమో, బోర్డులో మొదటి 20 పర్సెంటైలో ఉండాలి.

జేఈఈ కోచింగ్ పిల్లలు సీఈటీలో తడబడటానికి కారణం వేగం. జేఈఈ మెయిన్‌లో 75 ప్రశ్నలకు 180 నిమిషాలు, ఒక్కోదానికి 144 సెకన్లు. సీఈటీలో ఒక్కో సబ్జెక్టుకు 60 ప్రశ్నలు, 80 నిమిషాలు, అంటే 80 సెకన్లు. పైగా జేఈఈలో తప్పుకు ఒక మార్కు కోత ఉంటుంది కాబట్టి తెలియనివి వదిలేయడం అలవాటవుతుంది. సీఈటీలో కోత లేదు. పన్నెండు ఖాళీలు వదిలితే, గుడ్డిగా ఏదో ఒక జవాబు గుర్తించినా సగటున రావాల్సిన మూడు మార్కులు పోయినట్టే. చివరి ఐదు నిమిషాలు ఖాళీ వృత్తాలు నింపడానికే ఉంచుకోండి. ఆఖరి రెండు వారాలు గడియారం పెట్టుకుని 80 నిమిషాల పేపర్లే రాయండి.

పీయూసీ కామర్స్‌లో సీబా, హెబా కాంబినేషన్ల పిల్లలకు ఒక్క మాట: నాగరభావిలోని నేషనల్ లా స్కూల్‌కి దారి క్లాట్ అనే లా ప్రవేశ పరీక్ష. 120 ప్రశ్నలు, రెండు గంటలు, తప్పుకు పావు మార్కు కోత. సైన్సే అక్కర్లేదు. బోర్డు పరీక్షలకంటే ముందే, డిసెంబరులో జరుగుతోంది కాబట్టి వేసవి దాకా ఆగకండి.

చివరగా ఆప్షన్ ఎంట్రీ, అంటే కావాల్సిన కాలేజీలు, బ్రాంచీల వరస నమోదు చేయడం. కంప్యూటర్ మీ జాబితాను పైనుంచి కిందికి చూస్తూ, మీ ర్యాంకుకు అందిన మొదటి సీటు దగ్గర ఆగిపోతుంది. వస్తుందో రాదో అన్న భయంతో చిన్న కాలేజీని పైన పెడితే, అదే ఇచ్చి ఊరుకుంటుంది. కోరిక ప్రకారమే వరస పెట్టండి. మాక్ అలాట్‌మెంట్ (నమూనా కేటాయింపు) చూశాక వరస మార్చుకునే వీలుంటుంది. సీటు వచ్చాక నాలుగు ఛాయిస్‌లు. ఒకటి: చేరిపోతాను. రెండు: ఇది ఉంచండి, పైవాటికి ప్రయత్నిస్తాను. పైది వస్తే కిందిది దానంతటదే రద్దవుతుంది. మూడు: ఇది వద్దు, తర్వాతి రౌండుకు వస్తాను. నాలుగు: వెళ్ళిపోతున్నాను. రెండుకీ మూడుకీ తేడా తెలియక మూడు నొక్కితే చేతిలో సీటు పోతుంది, తర్వాత ఏదీ రాకపోనూవచ్చు. ఆ రోజు బటన్ పిల్లలే నొక్కనివ్వండి, పక్కన పెద్దవాళ్ళు కూర్చుని గట్టిగా చదివి వినిపించండి.

ఇక మీ ప్రశ్నలు. ఏ తరగతిలో ఇక్కడ చేరారో ముందు చెప్పి, తర్వాత అడగండి.