పొరుగు దేశం కూడా పొరుగువాడేనా?

యాంకర్: నమస్కారం. 2022 సెప్టెంబరు 25న రష్యన్ ఆర్థడాక్స్ క్రైస్తవ సంఘం అధిపతి, మాస్కో పాట్రియార్క్ కిరిల్ ప్రసంగిస్తూ, సైనిక విధిలో చనిపోయినవాళ్ల త్యాగం వాళ్ల పాపాలన్నిటినీ కడిగేస్తుందన్నారు. ఐదు రోజులకు, ఉక్రెయిన్‌లోని నాలుగు ప్రాంతాలను కలుపుకుంటున్నామని ప్రకటించిన సభలో పుతిన్, రష్యన్ తత్వవేత్త ఇవాన్ ఇలీన్ మాటలతో ముగించారు. ఫాదర్, మీకేమనిపించింది?

ఫాదర్: బాధేసిందండీ. పాపాలు కడిగేది క్రీస్తు రక్తమని మేం రోజూ చెబుతాం. ఆ పని యుద్ధంలో చావుకు అప్పగిస్తే ఇక సువార్త ఎందుకు? అదే ఏడాది మార్చిలో ఆ సంఘంలోనే దాదాపు 300 మంది మతగురువులు యుద్ధం ఆపమని లేఖ రాశారు. వాళ్లను మర్చిపోకూడదు.

యాంకర్: మేడమ్, దీని మూలం ఎక్కడుంది?

అధ్యాపకురాలు: 1833లో రష్యా విద్యామంత్రి ఉవారొవ్ ఆర్థడాక్స్ మతాన్నీ రాజరికాన్నీ జాతీయతనూ ఒకే నినాదంగా కట్టాడు. కానీ నేను రష్యన్ తత్వవేత్త వ్లదీమిర్ సొలొవ్యోవ్ గురించి చెప్పాలి. 1881 మార్చిలో విప్లవకారులు బాంబు వేసి జార్ (చక్రవర్తి) రెండో అలెగ్జాండర్‌ను చంపారు. కొన్ని వారాలకే పీటర్స్‌బర్గ్‌లో నిండు సభలో, 28 ఏళ్ల సొలొవ్యోవ్, కొత్త జార్ క్రైస్తవ పాలకుడు కాబట్టి తండ్రిని చంపినవాళ్లను క్షమించాలన్నాడు. ఊరంతా రగిలిపోతున్న సమయం అది! అయినా వాళ్లలో ఐదుగురిని ఉరి తీశారు. ఈయన అధ్యాపక జీవితం దాదాపు అక్కడితో ఆగిపోయింది.

ఫాదర్: ఆయన మాత్రం అక్కడే ఆగలేదు కదా మేడమ్.

అధ్యాపకురాలు: లేదు. ‘నిన్నువలె నీ పొరుగువాని ప్రేమింపవలెను’ అన్న ఆజ్ఞను ఆయన దేశాలకూ వర్తింపజేశాడు. నీ జాతిని ప్రేమించినట్టే పక్క జాతులనూ ప్రేమించు అన్నాడు. మనిషిలో పాపమైన స్వార్థం, జాతి పేరు పెట్టుకుంటే పుణ్యం ఎలా అవుతుందన్నదే ఆయన ప్రశ్న. స్లావ్ జాతులది ప్రత్యేక నాగరికత అన్న రచయిత దనిలేవ్‌స్కీతో ఆయన గట్టిగా వాదించింది అందుకే.

యాంకర్: అంటే టాల్‌స్టాయ్ మాటే కదా?

అధ్యాపకురాలు: కాదండీ, ఇక్కడే చాలామంది పొరబడతారు. టాల్‌స్టాయ్ దేశభక్తినే తప్పన్నాడు, సైన్యమే వద్దన్నాడు. సొలొవ్యోవ్ అంత దూరం వెళ్లలేదు. బలహీనుణ్ని కాపాడటానికి కొన్నిసార్లు కత్తి తప్పదని చివరి రోజుల్లో టాల్‌స్టాయ్‌కి వ్యతిరేకంగానే రాశాడు.

యాంకర్: మరి ఇలీన్ చెప్పిందీ అదేగా?

అధ్యాపకురాలు: పైకి అలాగే కనిపిస్తుంది. 1922లో బోల్షెవిక్కులు దేశం నుంచి వెళ్లగొట్టినవాళ్లలో ఇలీన్ ఒకడు. 1925లో టాల్‌స్టాయ్‌కి జవాబుగా, చెడును బలంతో ఎదిరించాలని పుస్తకం రాశాడు. అయితే ఆయన కూడా కత్తిని పవిత్రమనలేదు, పట్టినవాడికి అంతశ్శుద్ధి అవసరమన్నాడు. ఈ రెండో సగాన్ని ఇప్పుడెవరూ చదవట్లేదు. ఆ పుస్తకాన్ని తోటి ప్రవాసి, తత్వవేత్త బెర్ద్యాయెవ్ అప్పుడే ఘాటుగా ఖండించాడు.

ఫాదర్: నన్ను కదిలించేది సొలొవ్యోవ్ మరణమే. రష్యా సామ్రాజ్యంలో యూదుల మీద దాడులు జరుగుతున్న కాలంలో ఆయన వాళ్ల పక్షాన రాశాడు, హీబ్రూ నేర్చుకున్నాడు. 1900లో మరణశయ్య మీద యూదుల కోసం ప్రార్థించాడు, హీబ్రూలో కీర్తన చదివాడు. పక్కనున్న స్నేహితుడు రాసిపెట్టాడు కాబట్టి మనకు తెలిసింది.