రెండూ 4కే, మరి డిస్క్ ఎందుకు?

నమస్కారం. చెన్నైలో ఇంట్లోనే థియేటర్ పెట్టుకున్న మన తెలుగువాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది: "ఓటీటీలో 4కే వస్తోంది కదా, అదే సినిమా 4కే బ్లూ-రే డిస్క్ మళ్లీ ఎందుకు కొనాలండీ?"

4కే అంటే బొమ్మలో ఎన్ని చుక్కలున్నాయో చెప్పే లెక్క: అడ్డంగా 3840, నిలువుగా 2160. వాటిని నింపడానికి సెకనుకు ఎంత డేటా వస్తోందో ఆ లెక్క చెప్పదు.

(తెర మీద: సెకనుకు 15 మెగాబిట్లు – 128 మెగాబిట్లు)

4కే చూడాలంటే సెకనుకు 15 మెగాబిట్ల నెట్ ఉండాలంటుంది నెట్‌ఫ్లిక్స్. ఆ 15 మొత్తం సినిమాకే వాడినా రెండున్నర గంటలకు 17 జీబీ దాటదు. 4కే బ్లూ-రే డిస్క్‌లో 66 జీబీ, కొన్నింటిలో 100 జీబీ దాకా పడుతుంది. వేగం సెకనుకు 128 మెగాబిట్ల వరకూ వెళ్లొచ్చు. ప్రతి డిస్కూ అంత నిండుగా ఉండదు, కానీ తేడా మాత్రం చాలా ఉంటుంది.

పగటి వెలుగులో తీసిన సీన్‌లో అది అంతగా తెలియదు. వాన, పొగ, ఒక్క దీపం వెలుగుతున్న గది వచ్చినప్పుడు చూడండి. డేటా చాలకపోతే చీకట్లోని వివరాలు పోతాయి. నలుపు మెల్లగా బూడిద రంగులోకి జారాల్సిన చోట చారలు పడతాయి. ఫిల్మ్ మీద తీసిన పాత సినిమాలకైతే ఇంకా అన్యాయం. ఫిల్మ్‌కి సహజంగా ఉండే సన్నటి రేణువులు, అంటే గ్రెయిన్, చెరిగిపోయి మొహాలు మైనం పూసినట్టు కనిపిస్తాయి. ప్రొజెక్టర్ మీద వంద అంగుళాల తెరకు పెంచితే ఇవన్నీ బయటపడతాయి.

నాకైతే బొమ్మకన్నా సౌండ్ ముఖ్యం. ఓటీటీలో అట్మాస్, అంటే చుట్టూ, పైనుంచీ వినిపించే డాల్బీ సౌండ్, మామూలుగా డాల్బీ డిజిటల్ ప్లస్‌లో వస్తుంది, అంటే కొంత తీసేసి కుదించిన సౌండ్. డిస్క్‌లో డాల్బీవాళ్లదే ట్రూహెచ్‌డీ అనే సౌండ్ ఉంటే ఏదీ పోదు. స్పీకర్లను నడిపే ఏవీ రిసీవర్‌కీ, స్పీకర్లకీ అంత ఖర్చు పెట్టినవాళ్లు ఇది వినాల్సిందే.

ఇప్పుడు అసలు జాగ్రత్త. మనలో చాలామంది అమెరికాలో ఉన్న అన్నయ్యతోనో, వదినతోనో డిస్కులు తెప్పించుకుంటాం. మామూలు బ్లూ-రేకి ఏ ప్రాంతపు ప్లేయర్‌లో ఆడాలో చెప్పే రీజియన్ అక్షరం ఉంటుంది: అమెరికాది 'A', యూరప్‌ది 'B', మన దేశానిది 'C'. 'A' రీజియన్‌కి లాక్ చేసిన డిస్క్ ఇక్కడ కొన్న ప్లేయర్‌లో ఆడదు. లాక్ లేనివి కూడా చాలానే వస్తాయి, అందుకే అట్ట వెనక అక్షరం చూసి, అనుమానముంటే వాకబు చేసి ఆర్డర్ పెట్టమనండి. 4కే బ్లూ-రేలకు రీజియన్ గొడవ లేదు. కానీ అదే ప్యాక్‌లో వచ్చే మామూలు బ్లూ-రేకి లాక్ ఉండొచ్చు, మేకింగ్ వీడియోలు చాలాసార్లు దాంట్లోనే ఉంటాయి. ప్లేయర్ కూడా అక్కడి నుంచే తెప్పిస్తుంటే వెనక 100–240 వోల్టులు అని రాసి ఉందేమో ముందే ఫొటో తీసి పంపమనండి.

ఎలక్ట్రానిక్స్ అంగళ్లుండే మన రిచీ స్ట్రీట్‌లో ప్లేయర్‌ని తెరకు కలిపే హెచ్‌డీఎంఐ కేబుల్ కొంటే ప్రీమియం హై స్పీడ్ అని ఉన్నదే తీసుకోండి.

చెన్నై ఉక్కకు డిస్కుల మీద బూజు పట్టొచ్చు. బీరువాలో నిలబెట్టి, సిలికా జెల్ పొట్లాలు వేయండి. తుడిచేటప్పుడు గుండ్రంగా తిప్పకండి. డేటా చుట్లు చుట్లుగా ఉంటుంది, గీత కూడా అదే దారిలో పడితే ప్లేయర్ సరిదిద్దుకోవడం కష్టం. మెత్తటి బట్టతో మధ్యలోంచి అంచుకు తిన్నగా తుడవండి.