షుగర్ పరీక్షకు ముందు టేపు

శ్రోతలకు నమస్కారం. షుగర్ అనగానే సూది, రక్తం చుక్క యాదికొస్తాయి. ఇవాళ వాటికన్నా ముందు పట్టుకోవాల్సిన వస్తువు గురించి చెప్తాను. దర్జీ మెడలో వేలాడే టేపు.

భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా 1,13,000 మందికి పైగా పరీక్షలు చేయించి, 2023లో లెక్క తేల్చింది. 10 కోట్ల మందికి షుగర్. పట్నాల్లో నూటికి 16 మందికి, పల్లెల్లో 9 మందికి. పల్లెలు బతికిపోయాయనుకోకండి. షుగర్‌కు ముందు మెట్టు మీద ఉన్నవాళ్లు పట్నంలోనూ నూటికి 15 మందే, పల్లెలోనూ 15 మందే! ఆ మెట్టు మీద మామూలుగా అతిదాహం ఉండదు, నీరసం ఉండదు. మరి తెలిసేదెట్లా?

చెన్నై డాక్టర్లు 2005లో ఒక మార్కుల పద్ధతి పెట్టారు. వయసు, నడుము, ఒంటి కదలిక, తల్లిదండ్రుల షుగర్. అంతే. నూటికి ఎన్ని తక్కువొస్తే అంత మంచిది.

వరంగల్ చౌరస్తాలో బట్టల దుకాణం గల్లా దగ్గర పొద్దంతా కూర్చునే ఒకాయనను అనుకుందాం. వయసు 42, దానికి 20 మార్కులు. నడుము 94 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90కి చేరితే 10. కూర్చునే పని, వ్యాయామం లేదు, 30. అమ్మకు షుగర్, 10. మొత్తం 70. అరవై వచ్చిందంటేనే ప్రమాదం ఎక్కువని అర్థం. చూస్తే ఆయన లావుగా ఏమీ కనిపించడు. కాళ్లూ చేతులూ సన్నగా ఉండి కొవ్వంతా పొట్టలో చేరడం మన దేశస్థుల్లో ఎక్కువ, ఆ కొవ్వే ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వదు.

రోజూ చురుగ్గా నడిస్తే ఆ 30 కాస్తా 20 అవుతుంది. మొత్తం 60, ఇంకా గీత మీదే. నడుము 90 లోపుకు వస్తే 50. వయసు తగ్గదు, అమ్మ మారదు. మిగిలినవి నడక, నడుము.

ఇక టేపు. చాలామంది ప్యాంటు సైజు చెప్తారు. అది పొట్ట కింద బెల్టు కొలత, నడుము కాదు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యలో టేపు చుట్టాలి. చొక్కా ఎత్తాలి, చీర కుచ్చిళ్ల మీద పెట్టొద్దు. వెనక టేపు జారిందేమో ఇంకొకరు చూడాలి. పొట్ట లోపలికి లాక్కోకుండా, మామూలుగా ఊపిరి వదిలాక చదవాలి. ఊపిరి వదిలాకే!

మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80. ఆ అంకె దాటి, 30 ఏండ్లు నిండి ఉంటే ఊళ్లో ఆశా కార్యకర్తను అడగండి, లేదా పల్లె దవాఖానకు, బస్తీ దవాఖానకు వెళ్లండి. పరగడుపు పరీక్షకు 8 గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు. చక్కెర లేని చాయ్ కూడా వద్దు, పాలలోనూ చక్కెర ఉంటుంది. 100 నుంచి 125 మధ్య వస్తే ముందు మెట్టు. 126 గానీ ఆపైన గానీ వస్తే వేలి చుక్కతో ఆగకుండా, చేతి నరం నుంచి తీసిన రక్తంతో మరో రోజు ల్యాబులో మళ్లీ చూపించుకోవాలి.