ఫ్రీ డిష్ సొంతంగా బిగించుకోవాలంటే ఏమేం సామాను కావాలి?

నమస్తే అండీ. ఇదిగో, ఈ బల్ల మీద పరిచిందంతా డీడీ ఫ్రీ డిష్, అంటే నెలనెలా డబ్బు కట్టకుండా చూసే దూరదర్శన్ వాళ్ల డిష్ టీవీ, బిగించే సామాను. మేడ ఎక్కాక ఒక్కోదానికి మళ్లీ కిందికి పరిగెత్తకుండా, ముందే చూసేసుకుందాం.

రెండడుగుల గొడుగు, అదే డిష్ యాంటెన్నా, దాని స్టాండు, గొడుగు ముందు ఉండి సిగ్నల్ అందుకునే ఎల్‌ఎన్‌బీ, టీవీకి పెట్టే సెట్‌టాప్ బాక్సు. ఇవి తెలిసినవే. డ్రిల్ మిషన్, కాంక్రీటు బిట్టు, ఫాస్టెనర్ బోల్టులు. బిట్టు, ఫాస్టెనర్ ఒకే సైజువి తీసుకోండి, అంతే. పానాలు... నేను రింగు పానాలే వాడతా. అడ్జస్టబుల్ పానా పెడితే నట్టు అంచులు అరిగిపోతాయి, తర్వాత ఊడదీయాలంటే చుక్కలే.

ఇది రసమట్టం. మేస్త్రీలు వాడేదే. స్టాండు గొట్టం నిటారుగా ఉందో లేదో దీంతో చూస్తాం, లేకపోతే గొడుగు బ్రాకెట్ మీద డిగ్రీల గీతలకి అర్థం లేదు. మన శాటిలైట్ జీశాట్-15, 93.5 డిగ్రీల తూర్పు. హైదరాబాద్ నుంచైతే ఆగ్నేయం వైపు, ఉత్తరం నుంచి కుడివైపుకి సుమారు 138 డిగ్రీలు, నేల నుంచి పైకి 63 డిగ్రీలు. ఫోన్ కంపాస్ వాడితే ఇనుప గొట్టానికి దూరంగా నిలబడి చూడండి, దగ్గరైతే ముల్లు పిచ్చిపట్టినట్టు తిరుగుతుంది.

సరే, ఇప్పుడు అసలుది. ఎల్‌ఎన్‌బీ నుంచి బాక్సుకి వేసే ఆర్‌జీ-6 కేబులు, దాని చివర్లకి ఎక్కించే ఎఫ్ కనెక్టర్లు. కెమెరా దగ్గరికి తెస్తున్నా, చూడండి. పైతోలు ఇలా కోశాను. ఈ జాలి తీగలు కనిపిస్తున్నాయా? వీటిని వెనక్కి మడవాలి. మొత్తం. ఒక్కటి కూడా ముందుకి ఉండకూడదు. మొదటిసారి నేను ఇక్కడే దొరికిపోయా. వెంట్రుకంత తీగ ఒకటి మధ్యలో ఉన్న తీగకి తగులుతోంది. నాకు తెలీదు. ఎండలో రెండు గంటలు గొడుగు అటు తిప్పా, ఇటు తిప్పా, సిగ్నల్ సున్నా. ఎల్‌ఎన్‌బీకి కరెంటు కూడా ఈ కేబుల్లోంచే వెళ్తుంది కదా, 13 వోల్టులో 18 వోల్టులో. షార్టయితే ఇంకేం పనిచేస్తుంది? గొడుగుది తప్పేం లేదు పాపం. అందుకే కనెక్టర్ ఎక్కించే ముందు ఫోన్ టార్చి వేసి చూడండి. మళ్లీ ఒకసారి చూడండి. మధ్య తీగ కొంచెం బయటికి రావాలి... ఇదిగో, ఇంత. తిప్పి ఎక్కించేవి చవకే కానీ, నేను కంప్రెషన్ కనెక్టర్లే వాడతా, దానికి వేరే టూలు కావాలి. ఒక్క ఇంటికైతే టూలు కొనక్కర్లేదు, తెలిసినవాళ్ల దగ్గర అడిగి తెచ్చుకోండి.

వాన నీళ్లు దిగకుండా రబ్బరు టేపు. ఎల్‌ఎన్‌బీ దగ్గర కేబుల్ని ఇలా కిందికి వేలాడేలా ఒక చుట్టు వదలాలి, నీళ్లు అక్కడే కారిపోతాయి. కేబుల్ కట్టే ప్లాస్టిక్ ట్యాగులు నల్లవి తీసుకోండి, తెల్లవి ఎండకి పుటుక్కుమంటాయి.

సిగ్నల్ వెతికే, ముల్లు ఉండే ఫైండర్ మీటరు ఉంటే మంచిదే, కాకపోతే ఏ శాటిలైట్ దొరికినా అది కూస్తుంది, మనదేనా కాదా చెప్పదు. టీవీలో ఛానెల్ చూశాకే నట్లు గట్టిగా బిగించండి. నిచ్చెన పట్టుకోడానికి మా తమ్ముడు వచ్చేశాడు, పదండి పైకి.